ద క్యూర్ ‘ద హెడ్ ఆన్ ద డోర్’ నిజంగా అంత తేలికైన ఆల్బమేనా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ద క్యూర్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండ్‌ను వాళ్ల ‘పోర్నోగ్రఫీ’ ఆల్బమ్‌తో మొదలుపెట్టారు, ఆ చీకటి మీకు బాగా నచ్చింది. తర్వాత అందరూ మెచ్చుకుంటున్నారని 1985లో వచ్చిన ‘ద హెడ్ ఆన్ ద డోర్’ విన్నారు. పాటలు బాగానే ఉన్నాయి గానీ, ‘హిట్ల కోసం రాజీపడ్డారు’ అనిపించింది. నిజంగా రాజీపడ్డారా, లేక మీ చెవికి అందనిది ఏదైనా ఉందా అని అడిగారు. గిటార్ నేర్చుకుంటున్నానని, ఆ సౌండ్ కోసం కోరస్ పెడల్ (ఒక గిటార్ శబ్దాన్ని రెండు మూడు కలిసి మోగినట్టు చేసే పరికరం) కొనమంటారా అని కూడా రాశారు. పెడల్ సంగతి చివర్లో చూద్దాం.

నేను చాలా ఏళ్లుగా బేస్ వాయిస్తున్నాను. అందుకని నా సమాధానం కాస్త బేస్ వైపు మొగ్గుతుంది, ముందే చెప్పేస్తున్నాను. నా ఉద్దేశంలో ఈ ఆల్బమ్‌లో చీకటి ఏమాత్రం తగ్గలేదు. ఒక్కో పాటలో ఆ చీకటికి ఇచ్చిన నిమిషాలు తగ్గాయి, దాన్ని చెప్పడానికి వాడిన వాయిద్యాలు పెరిగాయి. మీకు తేలిగ్గా అనిపించింది ఆ తేడా వల్లే.

రాజీ అన్న మాట దగ్గర మొదలుపెడదాం. ‘పోర్నోగ్రఫీ’ 1982 మేలో వచ్చింది. అప్పటికి క్యూర్ అంటే ముగ్గురే. పాట, గిటార్ రాబర్ట్ స్మిత్. బేస్ సైమన్ గాలప్. డ్రమ్స్ లోల్ టాల్‌హర్స్ట్. ‘సెవెన్టీన్ సెకండ్స్’, ‘ఫెయిత్’, ‘పోర్నోగ్రఫీ’ అని వరసగా మూడేళ్లలో మూడు ఆల్బమ్‌లు చేశారు, ఒకదాన్ని మించి ఒకటి లోతుకి దిగింది. అంత బరువైన ఆల్బమ్‌ని జనం పట్టించుకోలేదని అనుకుంటాం కదా? అది యూకే చార్టులో 8వ స్థానం దాకా వెళ్లింది. మీరు రాజీ అంటున్న ‘ద హెడ్ ఆన్ ద డోర్’ ఎక్కిన స్థానం 7. మధ్యలో 1984లో వచ్చిన ‘ద టాప్’కి 10. సొంత దేశంలో ఆల్బమ్ స్థానం కోసం దారి మార్చుకున్నారనే వాదన ఈ అంకెల దగ్గరే ఆగిపోతుంది. తేడా వచ్చింది అమెరికాలో, అదీ మెల్లగా. ఈ ఆల్బమ్ అక్కడ 59 దాకా వెళ్లింది. ‘ఇన్‌బిట్వీన్ డేస్’ సింగిల్ అమెరికా హాట్ 100లో 99వ స్థానంలో తల చూపించి వెళ్లిపోయింది. దీన్ని చూసి ఎవరూ అమ్ముడుపోయారని అనరు.

అసలు పాప్ మలుపు మూడేళ్ల ముందే జరిగింది. ‘పోర్నోగ్రఫీ’ టూర్‌లో బ్యాండ్ చిక్కి శల్యమైంది. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఒక రాత్రి స్మిత్, గాలప్ బార్‌లో కొట్టుకున్నారు. టూర్ అయ్యాక గాలప్ వెళ్లిపోయాడు. మిగిలింది ఇద్దరు. అందులో ఒకడు, టాల్‌హర్స్ట్, డ్రమ్స్ వదిలి కీబోర్డ్‌కి మారాడు. వాళ్ల రికార్డు కంపెనీ ఫిక్షన్ రికార్డ్స్ నడిపే క్రిస్ ప్యారీ అప్పుడు స్మిత్‌ని పూర్తిగా ఎదురు దిక్కుకి తోశాడు. అలా వచ్చినవే 1982 చివర్లో ‘లెట్స్ గో టు బెడ్’, 1983లో ‘ద వాక్’, ‘ద లవ్‌క్యాట్స్’. చివరిది యూకేలో 7వ స్థానానికి వెళ్లింది. ఇవి ఏ ఆల్బమ్ కోసమూ చేసినవి కావు. 1983 చివర్లో వీటిని ‘జాపనీస్ విస్పర్స్’ అనే సంకలనంలో చేర్చారు. వినండి, సరదాగా ఉంటాయి. కానీ నాకు ఆ పాటల్లో కొంచెం వెక్కిరింత వినిపిస్తుంది. ‘మీకు పాప్ కావాలా, ఇదిగో’ అని విసిరికొట్టినట్టు. పాత క్యూర్‌కీ ఈ సింగిల్స్‌కీ మధ్య గోడ ఉంది. ఒకే మనిషి రెండు గదుల్లో రెండు రకాలుగా బతికినట్టు ఉంటుంది ఆ కాలమంతా.

దానికి తోడు స్మిత్ అదే సమయంలో సూక్సీ అండ్ ద బ్యాన్‌షీస్ అనే ఇంకో బ్యాండ్‌లో గిటారిస్టు కూడా. 1984లో వాళ్ల ‘హయీనా’ ఆల్బమ్, తన ‘ద టాప్’ ఒకేసారి నెత్తిన పెట్టుకున్నాడు. ‘ద టాప్’లో డ్రమ్స్ తప్ప దాదాపు అన్నీ తనే వాయించుకున్నాడు. ఆ అలసట ఆల్బమ్‌లో వినిపిస్తుంది. ఆలోచనలు బోలెడు, పక్కనుంచి ‘ఇది చాలు, ఇక ఆపు’ అనేవాడు లేడు. ఆ ఏడాదే ఒళ్లు సహకరించక బ్యాన్‌షీస్‌ని వదిలేశాడు.

ఇక మీ ప్రశ్నకి అసలు జవాబు 1984 చివర్లో కుదిరిన మనుషుల్లో ఉంది. గాలప్‌తో రాజీ కుదిరి అతను తిరిగొచ్చాడు. రాజీ అన్న మాట వాడాల్సింది ఇక్కడే! డ్రమ్స్‌కి బోరిస్ విలియమ్స్ వచ్చాడు. అంతకుముందు థాంప్సన్ ట్విన్స్‌కి వాయించేవాడు, అమెరికా టూర్ మధ్యలో డ్రమ్మర్ లేక ఇబ్బంది పడుతుంటే వచ్చి చేరాడు. గిటార్‌కి పోర్ల్ థాంప్సన్, ఇప్పుడు పెర్ల్ థాంప్సన్. క్యూర్ ఇంకా ‘ఈజీ క్యూర్’గా ఉన్న రోజుల్లోనే వీళ్లతో వాయించిన మనిషి. కీబోర్డ్ టాల్‌హర్స్ట్. ఈ ఐదుగురూ కలిసి చేసిన మొదటి ఆల్బమ్ ఇది. పాటలన్నీ ఒక్క స్మిత్ పేరు మీదే వచ్చిన మొదటి ఆల్బమ్ కూడా ఇదే. ఈ రెండూ కలిపి చూడండి. రాసేవాడు ఒక్కడే కాబట్టి చూపు చెదరలేదు. వాయించేవాళ్లు ఐదుగురు కాబట్టి ‘ద టాప్’ లాగా ఊపిరాడకుండా కాలేదు.

ప్రొడ్యూసర్‌గా స్మిత్‌తో పాటు డేవ్ ఆలెన్. ‘ద టాప్’కీ పనిచేశాడు, తర్వాత 1989లో వచ్చిన క్యూర్ ఆల్బమ్ ‘డిసింటిగ్రేషన్’కీ పనిచేశాడు. అంతకుముందు 1981లో హ్యూమన్ లీగ్ వాళ్ల ‘డేర్’ ఆల్బమ్‌కి ప్రొడ్యూసర్ మార్టిన్ రషెంట్ దగ్గర ఇంజనీరుగా చేశాడు. అంటే మెషీన్లతో పాప్ కట్టే చోట పని నేర్చుకున్నవాడు. ఒక్కో శబ్దానికీ ఎంత చోటు ఇవ్వాలో తెలిసిన మనిషి. (గ్యాంగ్ ఆఫ్ ఫోర్ అనే బ్యాండ్‌లో బేస్ వాయించిన డేవ్ ఆలెన్ వేరు, ఈయన వేరు. ఈ గందరగోళం ఎప్పుడూ ఉండేదే.)

పాటల్లోకి వెళ్దాం. పది పాటలు, మొత్తం 37 నిమిషాల చిల్లర. అన్నిటి గురించీ సమానంగా చెప్పను, చెప్పడానికి అన్నిట్లో సమానంగా లేదు కూడా.

‘ఇన్‌బిట్వీన్ డేస్’ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీకు తేలిక అనిపించింది ముందుగా దీనివల్లే అయ్యుంటుంది. డ్రమ్స్ దొర్లుకుంటూ వస్తాయి, వెంటనే అకూస్టిక్ గిటార్ ఆగకుండా గీకుడు, కింద బేస్ పరుగు, పైన సింథ్ మీద పిల్లలు కూడా పాడుకోగల చిన్న వరస. ఇప్పుడు మాటలు చూడండి. ఒక్క రోజులో ముసలితనం మీద పడిందని, చచ్చిపోతానేమో అనిపించిందని మొదలవుతుంది. ఆ రాసినవాడికి అప్పటికి 26 ఏళ్లు. తర్వాత ఒక అమ్మాయిని పొమ్మని తనే అన్నాడు, ఇప్పుడు తనే రమ్మని బతిమాలుతున్నాడు, మధ్యలో ఇంకో మనిషి ఉన్నారు. ఇది ‘పోర్నోగ్రఫీ’ రాసిన చెయ్యే. మన పాత సినిమాల్లో ఒకే పాటని మొదట హుషారుగా, సెకండాఫ్‌లో విషాదంగా రెండుసార్లు పెట్టేవాళ్లు కదా, స్మిత్ ఆ రెండు వెర్షన్లనీ ఒకే మూడు నిమిషాల్లో ఒకదాని మీద ఒకటి పరిచేశాడు. బాణీ ఫస్టాఫ్‌ది, మాటలు సెకండాఫ్‌వి.

ఇందులో ఇంకో సంగతి. గొంతు వచ్చేసరికి పాటలో చెప్పుకోదగ్గ భాగం అయిపోతుంది. రేడియో కోసం కట్టిన పాటయితే పదిహేను సెకన్లలో పాడటం మొదలుపెట్టాలి, అది అప్పటి లెక్క. స్మిత్ ఇక్కడ వాయిద్యాలు ఒక్కొక్కటిగా వచ్చి కూర్చునేదాకా ఆగాడు. ‘సెవెన్టీన్ సెకండ్స్’ రోజుల నుంచీ ఉన్న అలవాటే ఇది. కాకపోతే అప్పట్లో ఆ ఎదురుచూపు భయపెట్టేది, ఇప్పుడు ఊపునిస్తోంది.

ఆ అలవాటు పూర్తిగా చూడాలంటే ‘పుష్’ వినండి. నాలుగున్నర నిమిషాల పాటలో సగం దాటేదాకా గొంతే లేదు. రెండు గిటార్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఎక్కుతాయి. పాడటం మొదలయ్యేసరికి మీరు ఇప్పటికే ఒక పాట విని ముగించిన స్థితిలో ఉంటారు. పాత ఎల్‌పీలో మొదటి వైపు దీంతోనే ముగిసేది. రికార్డు తిప్పడానికి లేచే ముందు ఇంతకంటే మంచి ఆఖరి పాట దొరకదు. పాప్ ఆల్బమ్ అని పేరుపడ్డ దాంట్లో మొదటి వైపు ముగింపు దాదాపు ఇన్‌స్ట్రుమెంటల్ అన్న విషయం ఎవరూ పట్టించుకోరు.

మధ్యలో మూడు పాటలు. ‘క్యోటో సాంగ్’ జపాన్ వాయిద్యాన్ని గుర్తుచేసే సింథ్ పలుకుతో నడిచే పీడకల. స్విమ్మింగ్ పూల్, చావు. నెమ్మదిగా ఉంటుంది. ‘పోర్నోగ్రఫీ’ అభిమానికి ఇది మొదటి వినికిడిలోనే పట్టాలి. మీకు పట్టలేదంటే, ముందున్న పాట హుషారు ఇంకా చెవుల్లో ఉండి ఉంటుంది. ‘ద బ్లడ్’ ఫ్లామెంకో గిటార్ మీద నడుస్తుంది. ఒక పోర్చుగీసు మద్యం తాగిన అనుభవం నుంచి పుట్టిన పాట, ఆ సీసా పేరుకి అర్థం ‘క్రీస్తు కన్నీరు’. ‘సిక్స్ డిఫరెంట్ వేస్’లోని పియానో వరస స్మిత్ అంతకుముందు బ్యాన్‌షీస్ పాట ‘స్విమ్మింగ్ హార్సెస్’లో వాయించిందే. ఇంకో ఇంట్లో వాడిన సామాను తెచ్చుకుని, దానికి రంగులేసి వాడుకున్నాడు. అందులో తప్పేం లేదు, ఆ వరస తన వేళ్లదే. ఈ మూడింటిలో ఏ రెండూ ఒక్కలా వినిపించవు. ఒకే ఆల్బమ్‌లో ఇన్ని రంగులు క్యూర్ అంతకుముందు వేయలేదు.

రెండో వైపు ‘క్లోజ్ టు మీ’. ముందు ఒక మాట అడుగుతాను, మీరు ఏ వెర్షన్ విన్నారు? బాకాలు, ట్రంపెట్లు మోగుతుంటే అది సింగిల్ వెర్షన్. ఆల్బమ్‌లో అవి లేవు. 1990లో ‘మిక్స్‌డ్ అప్’ కోసం చేసిన రీమిక్స్ ఇంకోటి ఉంది, అది యూకేలో 13 దాకా వెళ్లింది, 1985 సింగిల్ 24 దగ్గరే ఆగింది. స్ట్రీమింగ్‌లో ఈ మూడూ కలిసిపోయి కనిపిస్తాయి. కాబట్టి ఆల్బమ్ తెరిచి ఏడో పాట నొక్కండి.

ఆల్బమ్ వెర్షన్‌లో ఏముంది? బిగుతైన డ్రమ్స్, చప్పట్లు, అడుగులు లెక్కపెట్టినట్టు నడిచే బేస్, బొమ్మ కీబోర్డ్ లాంటి రెండు చిన్న వరసలు, మైక్‌కి మరీ దగ్గరగా ఊపిరి చప్పుడు. గిటార్ కోసం వెతకండి, దాదాపు దొరకదు. గిటార్ బ్యాండ్ పెద్ద హిట్ పాటల్లో గిటార్ పక్కన పెట్టేయడం అంటే ధైర్యమే. మిగిలిన ఖాళీ అంతా గొంతు చుట్టూ ఉంది. గది ఇరుకైపోయి, గోడలు దగ్గరికి జరిగిన భావన ఆ ఖాళీ వల్లే వస్తుంది. ‘పోర్నోగ్రఫీ’లో ఊపిరాడనివ్వకపోవడానికి శబ్దం మీద శబ్దం పోశారు. ఇక్కడ శబ్దాలు తీసేసి అదే పని చేశారు. నా దృష్టిలో రెండోది కష్టం. ఎక్కువ వాయించి భయపెట్టడం చాలామందికి వస్తుంది.

ఆల్బమ్ పేరు కూడా ఈ పాటలోని మాటల నుంచే. స్మిత్ చిన్నప్పుడు ఆటలమ్మ పోసి పడుకున్నప్పుడు తలుపు పైన ఒక తల కనిపించేదట. ఆ పీడకల పాటలోకి వచ్చింది. చప్పట్లు కొట్టుకుంటూ మనం కూనిరాగం తీసే పాట లోపల జ్వరంలో ఉన్న పిల్లాడి భయం ఉంది. వీడియో తీసిన టిమ్ పోప్ దీన్ని సరిగ్గా పట్టుకున్నాడు. ఐదుగురినీ ఒక బీరువాలో కుక్కి, బీచీ హెడ్ కొండ అంచు నుంచి సముద్రంలోకి పడేశాడు, లోపల నీళ్లు నిండుతుంటే వాళ్లు వాయిస్తూనే ఉంటారు. చూడటానికి నవ్వొస్తుంది. ఒక్క క్షణం ఆలోచిస్తే నవ్వు ఆగిపోతుంది.

‘ఎ నైట్ లైక్ దిస్’లో శాక్సఫోన్ సోలో గురించి అభిమానుల్లో ఎప్పుడూ గొడవే. 1985లో ఇంగ్లండ్‌లో శాక్సఫోన్ లేని రికార్డు తక్కువ, ఆ కాలపు మోజు అది. వాయించింది రాన్ హౌ, గాలప్ బయట ఉన్నప్పుడు నడిపిన ఫూల్స్ డాన్స్ బ్యాండ్ మనిషి. నాకు ఆ సోలో అంతగా నచ్చదు. పాట మాత్రం చాలా ఇష్టం, గిటార్లు మెల్లగా బరువెక్కే తీరు కోసం. ‘ద బేబీ స్క్రీమ్స్’ పర్వాలేదు, ఊపు ఉంది, గుర్తుండదు. ‘స్క్రూ’ బేస్ వాళ్లకి పండగ, ఫజ్‌తో గరగరలాడే బేస్ పాటని మోస్తుంది. కానీ నిజం చెప్పాలంటే అది పాట కాదు, ఒక రిఫ్‌కి (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరసకి) మాటలు తగిలించారు. రెండున్నర నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి క్షమించేయొచ్చు.

ఆఖరిది ‘సింకింగ్’. మీరు ‘పోర్నోగ్రఫీ’ మనిషి కాబట్టి, ఆల్బమ్ నచ్చలేదని పక్కన పెట్టే ముందు దీన్ని ఒక్కదాన్ని రాత్రిపూట హెడ్‌ఫోన్స్‌తో వినండి. దాదాపు ఐదు నిమిషాలు. బేస్ ముందుండి నడుస్తుంది, కీబోర్డ్ పొగలా పరుచుకుంటుంది, గొంతు ఆలస్యంగా, తక్కువ మాటలతో వస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ నెమ్మదిస్తున్నాను, మునిగిపోతున్నాను, నన్ను నేనే మోసం చేసుకుంటున్నాను అన్నదే సారాంశం. ఇది ‘ఫెయిత్’లో ఉన్నా ఎవరూ ఆశ్చర్యపోరు. ఆల్బమ్ మొదటి మాట వయసు మీద పడటం గురించి, ఆఖరి పాట కూడా దాని గురించే. మొదటిసారి ఆ మాటని పరిగెత్తుతూ అన్నాడు, ఆఖరిసారి కూలబడి అన్నాడు. మధ్యలో ఉన్న ఎనిమిది పాటల దూరం అది. పాప్ కోసం రాజీపడిన మనిషి ఆల్బమ్‌ని ఇలా ముగించడు.

1985 అనే ఏడాది కూడా లెక్కలోకి తీసుకోవాలి, ఎందుకంటే పోస్ట్ పంక్ తరం (పంక్ తర్వాత, క్యూర్‌తో పాటు వచ్చిన బ్యాండ్లు) చాలావరకు ఆ ఏడాదే పాప్ వైపు తిరిగింది. స్క్రిట్టి పొలిట్టి వాళ్ల ‘క్యూపిడ్ అండ్ సైకీ 85’ ఆ ఏడాదే. ఒకప్పుడు చిరిగిన గిటార్లతో రాజకీయం పాడిన బ్యాండ్, ఇప్పుడు సీక్వెన్సర్లతో అద్దంలా మెరిసే రికార్డు చేసింది. పాత బ్యాండ్ ఆనవాలే ఉండదు. గొప్ప రికార్డు, కానీ అది వేషం మార్చడం కాదు, ఒళ్లే మార్చుకోవడం. న్యూ ఆర్డర్ ‘లో-లైఫ్’ కూడా అదే ఏడాది. వాళ్లు అప్పటికే డాన్స్ మెషీన్లకి అలవాటుపడ్డారు. సింపుల్ మైండ్స్ ఒక అమెరికన్ సినిమా పాటతో అమెరికాలో నంబర్ వన్ అయి స్టేడియాల వైపు వెళ్లిపోయారు. టాకింగ్ హెడ్స్ ‘లిటిల్ క్రీచర్స్’లో మామూలు అమెరికన్ పాటల కట్టుబడిలోకి వచ్చారు. వీళ్లకంటే రెండేళ్లు ముందే గ్యాంగ్ ఆఫ్ ఫోర్ ‘హార్డ్’లో పాప్ ప్రయత్నించి, తమ బలమైన రిథమ్ సెక్షనే లేకుండా చేసుకుని దెబ్బతిన్నారు.

ఆఖరి ఉదాహరణ ముఖ్యం. గ్యాంగ్ ఆఫ్ ఫోర్ పాప్‌కి వెళ్తూ బేస్, డ్రమ్స్ పోగొట్టుకుంది. క్యూర్ పాప్‌కి వెళ్తూ బేస్, డ్రమ్స్ తెచ్చుకుంది. నా వాదనంతా దీని మీదే నిలబడింది. 1982 చివరి నుంచి 1984 దాకా వచ్చిన క్యూర్ రికార్డులూ ఈ ఆల్బమూ పక్కపక్కన పెట్టి బేస్ ఒక్కటే వినండి. గాలప్ లేని కాలంలో బేస్ తన పని తాను చేసుకుపోతుంది. గాలప్ వచ్చాక బేస్‌కి మళ్లీ గొంతు వచ్చింది. అతను పిక్‌తో (తీగలు మీటే చిన్న బిళ్లతో) వాయిస్తాడు, శబ్దానికి కోరస్, ఫ్లాంజర్ లాంటి ఎఫెక్టులు తగిలిస్తాడు, బాణీని మోసే వరసలు కడతాడు. చాలా పాటల్లో మీరు గిటార్ అనుకుని కూనిరాగం తీస్తున్నది నిజానికి బేస్. దానికి తోడు స్మిత్ దగ్గర ఫెండర్ బేస్ సిక్స్ అని ఆరు తీగల వాయిద్యం ఉంటుంది, మామూలు బేస్‌కీ గిటార్‌కీ మధ్యలో మోగుతుంది. కాబట్టి క్యూర్ పాటలో ఏది ఎవరు వాయిస్తున్నారో చెవితో విడదీయడం కష్టమే, మీరొక్కరే తికమకపడటం లేదు.

బోరిస్ విలియమ్స్ తెచ్చింది వేరు. టాల్‌హర్స్ట్ డ్రమ్స్‌లో ఒక మొండితనం ఉండేది. పెద్ద దెబ్బలు, తక్కువ కదలిక, ‘పోర్నోగ్రఫీ’కి అది సరిగ్గా కుదిరింది. విలియమ్స్ వాయిస్తే పాట ముందుకు వంగుతుంది. ఫిల్స్ (తాళం మధ్యలో వేసే చిన్న విరుపులు) ఎక్కడ వేయాలో, ఎక్కడ చేతులు కట్టుకోవాలో తెలిసినవాడు. ‘ఇన్‌బిట్వీన్ డేస్’ మొదలయ్యే ఆ ఒక్క ఫిల్ తీసేస్తే పాట సగం చచ్చిపోతుంది.

తర్వాత జరిగింది మీకు తెలిసే ఉంటుంది. 1986లో సింగిల్స్ అన్నీ ‘స్టాండింగ్ ఆన్ ఎ బీచ్’గా వచ్చాయి. ఆ ఏడాది ఆగస్టులో ఫ్రాన్స్‌లోని ఓరాంజ్ ఊళ్లో రోమన్ల కాలం నాటి రంగస్థలం మీద కచేరీ చేశారు, దాన్ని టిమ్ పోప్ సినిమాగా తీశాడు. ఈ ఐదుగురు వేదిక మీద ఎలా ఉండేవాళ్లో చూడాలంటే అదే చూడండి. 1987లో ‘కిస్ మీ కిస్ మీ కిస్ మీ’, 1989లో ‘డిసింటిగ్రేషన్’. ‘డిసింటిగ్రేషన్’ మళ్లీ నిండా చీకటి, అయినా ‘లవ్‌సాంగ్’ అమెరికాలో 2వ స్థానానికి వెళ్లింది. ఆ ఆల్బమ్‌ని చాలామంది ‘పోర్నోగ్రఫీ’కి వారసుడిగా చూస్తారు. నేను ఒప్పుకోను. ‘డిసింటిగ్రేషన్’లో పాటలు ఏడెనిమిది నిమిషాలు నడిచినా విసుగు రాకపోవడానికి కారణం, 1985లో ఇదే స్మిత్, ఇదే ఆలెన్ ఒక్కో శబ్దాన్ని ఎప్పుడు తేవాలో, ఎప్పుడు తీసేయాలో మూడు నిమిషాల పాటల్లో సాధన చేసి ఉండటం. ‘సింకింగ్’ విని వెంటనే ‘డిసింటిగ్రేషన్’ మొదటి పాట పెట్టండి, ఆ రెండిటి మధ్య నాలుగేళ్లు ఉన్నాయని అనిపించదు.

మీకు నేను చెప్పే వినే వరస ఇది. ఆల్బమ్‌ని మొదటి పాటతో కాకుండా రెండో వైపు నుంచి, అంటే ఆరో పాట నుంచి పెట్టి ‘సింకింగ్’ దాకా వినండి. తర్వాత మొదటికి వచ్చి ‘పుష్’ దగ్గర ఆపండి. పద్ధతి కాదని తెలుసు, కానీ చీకటి వైపు నుంచి వచ్చిన చెవికి ఇదే దగ్గర దారి. నచ్చితే సింగిల్స్ వెనకవైపు పాటలు వెతకండి. ‘ద ఎక్స్‌ప్లోడింగ్ బాయ్’ని ఆల్బమ్‌లో ‘స్క్రూ’ బదులు పెట్టి ఉండాల్సిందని ఇప్పటికీ నా గొణుగుడు. 2006లో వచ్చిన డీలక్స్ ఎడిషన్ రెండో డిస్కులో స్మిత్ ఇంట్లో చేసుకున్న డెమోలు (ముందస్తు నమూనా రికార్డింగులు) ఉన్నాయి. కొన్నిట్లో గొంతు లేదు, ఉత్త వాయిద్యాలే. గిటార్ నేర్చుకునేవాళ్లకి పూర్తయిన రికార్డు కంటే అవే ఎక్కువ నేర్పుతాయి, వరసలన్నీ ఎముకల్లా బయటికి కనిపిస్తాయి.

పెడల్ సంగతి. కోరస్ పెడల్ క్యూర్ సౌండ్‌లో భాగమే, కాదనను. స్మిత్ వాడిన రోలాండ్ జాజ్ కోరస్ ఆంప్‌లో (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టెలో) అది లోపలే ఉంటుంది. కానీ ఇప్పుడే కొనొద్దు. ఈ ఆల్బమ్ మొదటి పాటలో ముఖ్యమైన గిటార్ అకూస్టిక్, దానికి ఏ పెడల్ సాయమూ లేదు. మామూలు కార్డ్‌లే (కలిపి మోగించే స్వరాలు), ఎడమ చేతికి పెద్ద పని లేదు. పనంతా కుడి మణికట్టుది. రికార్డుతో పాటు మొదటి నుంచి చివరిదాకా, స్పీడు పడిపోకుండా, బిగుసుకుపోకుండా వాయించడానికి ప్రయత్నించండి. రెండో నిమిషంలో చెయ్యి లాగేస్తుంది, ఎవరికైనా లాగుతుంది. అప్పుడు ఇంకా గట్టిగా కొట్టాలనిపిస్తుంది. కొట్టకండి, తేలిక చెయ్యండి, పిక్‌ని తీగల్లోకి తక్కువ లోతుగా దింపండి. పాట మొత్తం అలా వచ్చిన రోజు ఇక్కడే రాయండి, ఏ పెడల్ కొనాలో అప్పుడు మీ బడ్జెట్ చూసి చెబుతాను.